పంది పడంగనే

ఫైళ్లు చింపడంలో నాకు పేరుండేది. నిలువుగా చింపితే పిల్లలు టేపు వేసి మళ్లీ అతికించుకొస్తారని అడ్డంగా చింపేవాణ్ణి. రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఇంకోసారి చింపేవాణ్ణి. నా బల్ల కిటికీ పక్కనే. కింద బండ్ల స్టాండులో కాగితం ముక్కలు ఎగురుతుంటే పైన నా క్లాసు నడుస్తోందని అటెండరుకు కూడా తెలిసేది. డస్టరు విసిరిన రోజులూ ఉన్నాయి. ఒకసారి అది ఒకడి కనుబొమ్మకు తగిలి రక్తం కారింది. వాడు జేబురుమాలు అదిమి పెట్టుకుని "ఏం కాలే సార్" అన్నాడు. నాకు సిగ్గేయాల్సింది, వేయలేదు. నా కోపం వల్లనే పిల్లలు బాగుపడుతున్నారని గట్టిగా నమ్మేవాణ్ణి.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, చేలు తగ్గి అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో నా ఉద్యోగం. మూడో సంవత్సరం పిల్లలకు నేను నేర్పే పని ఒకటే. ఏ వస్తువైనా తయారు చేసే ముందు అది ఎవరికోసం, ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది కాగితం మీద పెట్టడం. సిలబసులో దాని పేరు రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్. మేం పత్రం అనేవాళ్లం. "యంత్రం బాగా పనిచేయాలి" అని ఎవరైనా రాస్తే ఆ పేజీ కిటికీలోంచి పోయేది. బాగా అంటే ఎంత? అయిందనో కాలేదనో చూసి చెప్పడానికి వీలున్న మాటే రాయాలి. వాడేవాళ్ల మాటను ముందు తెలుగులో రాసుకుని, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి పోవాలి. మా పిల్లలు తమకు తెలియనిదంతా ఇంగ్లీషు కింద దాచేస్తారు, అందుకని ఆ నియమం. ఇక చివరి పేజీలో ఒక పట్టిక ఉండాలి. ఏం మార్చారు, ఎవరు మార్చారు, కారణం. ఒక్క అక్షరం మారినా అందులో రాయాలి, పాత కాపీ దాచాలి. "పాత కాపీ పారేసినవాడూ దొంగసాక్ష్యం చెప్పినవాడూ ఒకటే" అని క్లాసులో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఏం కావాలో కనుక్కోకుండా వైర్లు అతికించడం మొదలుపెట్టేవాళ్లను "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అని తిట్టేవాణ్ణి. మాది బోనకల్ దగ్గర పల్లె. గొడ్డు చేలో పడిందని కేక వినపడితే కర్ర పట్టుకుని ఉరకడం చిన్నప్పటి పని. నా మటుకు నాకు పడటమంటే చేలో పడటమే. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి మూలం అదే.

ఆ ఏడు ముగ్గురు పిల్లల జట్టు ఒకటి అడవిపందుల సమస్య తీసుకుంది. ఇద్దరబ్బాయిలు, ఒకమ్మాయి. ఒకడిది ఖమ్మం, వైర్ల పని వాడిది. ఇంకొకడిది సారపాక, వాళ్ల నాన్న పేపరు మిల్లులో కాంట్రాక్టు కూలి. వాడు మాటకారి. అమ్మాయిది అడవిని ఆనుకున్న పల్లె. ఇంట్లో వాళ్ల భాష వేరు, తెలుగు బడికి వచ్చాక నేర్చుకున్నది. తండ్రి లేడు. తల్లి కూలికి పోయి, అడవిలో దొరికేది ఏరి అమ్మి చదివిస్తోంది. ఎదుటివాళ్లు ఎలా అంటే అలాగే, దగ్గు కూడా వదలకుండా రాసుకునే అమ్మాయి. ఆ నోట్సు చూసే ఆమెను రాతపనికి పెట్టాను.

ఆ అమ్మాయి పల్లె పక్కనే ఒక మొక్కజొన్న రైతు. ఆయన దగ్గరికి నలుగురం పోయాం. మేం పోయిన పొద్దుటికి ముందు రోజే పందులు వచ్చి వెళ్లాయి. నాలుగు సాళ్లు నేలమట్టం. చేను గట్టున ఆయన కుక్క పడి ఉంది, పంది కోర దాని కడుపును తొడ దాకా చీల్చేసింది. పేగులకు మట్టి అంటుకుని ఈగలు ముసురుతున్నాయి. ఆయన దాన్ని పూడ్చలేదు. మాకు చూపించాలనే ఉంచినట్టున్నాడు.

"సూసిన్రా సారూ. ఐదేండ్లు సాదిన. ఒక్క పోటుకు గిట్ల చేసింది" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు లేవు. పళ్లు కొరుకుతున్నాడు. "ఆ పందిని నా చేతుల్తోని నరుకుత. కండలు కండలు చేస్త."

"సరే, మీకేం కావాలో చెప్పండి" అన్నాను.

"ఏముంది. పంది పడంగనే నాకు తెల్వాలె. ఇంట్ల పండుకున్నా తెల్వాలె."

అమ్మాయి రాసుకుంది.

"ఇంకా?"

"నాకొక్కనికే తెల్వాలె. నాకంటె ముందుగాల ఇంకెవనికీ తెల్వొద్దు."

ఎంత శుభ్రమైన అవసరాలని లోలోపల మురిసిపోయాను. నా ఉద్యోగంలో అంత సూటిగా చెప్పిన మనిషిని చూడలేదు. అయినా ఈ ప్రాంతంలో పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగలు పెడతారని, వాటికి మనుషులు పోతారని నాకు తెలుసు. పేపర్లో చూస్తూనే ఉంటాం. అందుకని అడిగాను.

"కరెంటు గిట్ల పెడుతున్నారా?"

"లే సారూ. ఎప్పుడో ఇడిసిపెట్టినం. కేసులైతన్నయ్ గదా."

ఊరివాళ్లు నలుగురు పక్కన నిలబడి ఉండగా అడిగితే ఎవడు మాత్రం అవునంటాడు? అప్పుడా ఆలోచన రాలేదు. గట్టు పొడుగునా మోకాలెత్తు కర్రలు పాతి ఉన్నాయి. ప్రతి కర్రకూ తల దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. కర్రకు రబ్బరు ఎందుకు చుడతారో మొదటి ఏడాది పిల్లాడు కూడా చెబుతాడు, తీగలోని కరెంటు కర్రలోకి దిగకుండా. ఇంజనీరునని చెప్పుకునే నేను ఆ ట్యూబు ముక్కలను చూశాను. మనం ఏదైనా కడితే ఈ కర్రలు పనికొస్తాయి అనుకున్నాను. అంతే.

తిరిగి వస్తుంటే అమ్మాయి గట్టవతల చెట్లు చూపించింది. అవన్నీ ఇప్పచెట్లు. పువ్వు రాలే రోజుల్లో తన తల్లి తెల్లవారకముందే లేచి ఈ గట్టు మీదుగానే పోతుందని, ఎండెక్కితే పువ్వు వాడిపోతుందని, పశువులు తినేస్తాయని చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

మేం అనుకున్న వస్తువు చిన్నది. చేను చుట్టూ సన్నటి నైలాన్ దారం కడతాం. అది ఒక పెట్టెకు తగిలించి ఉంటుంది. పంది వచ్చి దారాన్ని లాగితే, పెట్టెలో ఉన్న సిమ్ములోంచి రైతుకు ఫోను పోతుంది. ఎత్తితే ముందే రికార్డు చేసిన గొంతు వినపడుతుంది. ఎవరికీ దెబ్బ తగలదు. ఈ చివరి మాట నేనే గర్వంగా అందరికీ చెప్పుకున్నాను.

పత్రం మొదటి కాపీ నా ముందుకొచ్చిన రోజు క్లాసు నిండా పిల్లలున్నారు. మూడో పేజీలో రెండు వాక్యాల దగ్గర ఆగాను. మొదటిది, "పంది పడంగనే రైతుకు తెలవాలె." నేను ఎర్ర పెన్ను తీసి, "పడంగనే" కొట్టేసి "చేలో పడగానే" అని రాశాను. "తెలవాలె"ను "తెలియాలి" చేశాను.

"ఆయన చేల అనలే సార్" అంది అమ్మాయి.

"పంది చేలో కాకపోతే ఇంకెక్కడ పడుతుందమ్మా? బావిలోనా?"

క్లాసు నవ్వింది. ఆమె నవ్వలేదు.

"మా దిక్కు పడ్డదంటే సచ్చిందని సార్. తీగకో, ఉచ్చుకో పడ్డదని. చేల పడ్డదంటే ఏరే."

"మీ దిక్కు మాట మీ దిక్కే పెట్టు. పత్రం అందరూ చదవాలి."

రైతు మాటను రైతు నోట్లో ఉన్నట్టే రాయాలని మూడు నెలలుగా గొంతు చించుకున్నవాణ్ణి నేనే. ఆ అమ్మాయి నా పాఠమే నాకు అప్పజెప్పింది. అది నాకు ఎదురు చెప్పినట్టు వినపడింది.

రెండో వాక్యం ఆమె సొంతం. "పడ్డది మనిషైతే పెట్టె ఏమి చెయ్యాలె?"

"ఇది ప్రశ్న. పత్రంలో ప్రశ్నలుంటాయా?"

"ఎట్ల రాయాల్నో తెల్వక అట్ల రాసిన సార్. మా అమ్మ తెల్లారంగ ఆ గట్టు మీదికెల్లే ఇప్పపువ్వుకు పోతది. ఆమె పడితే పెట్టె ఏమంటది?"

"దారం కాలికి తగిలితే ఫోను మోగుతుంది, పంది అంటుంది. మీ అమ్మను పంది అంటే ఆమెకేమైనా కోపమొస్తుందా?"

ఈసారి క్లాసు బల్లలు చరిచి నవ్వింది. ఆ నవ్వు నాకు బాగుంది. ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన "పరిధిలో లేదు" అని రాసి, పొట్టి సంతకం పెట్టాను. నేను చింపుతానేమోనని ఆమె రెండు చేతులూ ఫైలు మీదే పెట్టి నిలబడింది. చింపలేదు. చింపనందుకు నేనెంత మంచివాణ్ణో అనుకుంటూ ఇంటికి పోయాను.

పెట్టెలో గొంతు ఎవరిది పెట్టాలన్నప్పుడు సారపాక పిల్లాడు నా దగ్గరికొచ్చాడు.

"మీదే పెడదాం సార్. మీ గొంతుకు సచ్చినోడు గూడ లేసి కూసుంటడు."

ఆ చనువుకు నవ్వొచ్చింది. వాడి ఫోను పట్టుకుని, క్లాసులో అరిచినట్టే అరిచాను. "పంది పడింది! పంది పడింది! జల్దీ రా!"

ఎండలు ముదిరే రోజుల్లో పెట్టె బిగించాం. కర్రల వెంట దారం కట్టి, మేమే కాళ్లతో తన్ని చూశాం. ప్రతిసారీ ఫోను మోగింది, ప్రతిసారీ నా గొంతు పలికింది. రైతు పగలబడి నవ్వి, "సారు గొంతుకు పంది గూడ ఉచ్చ పోసుకుంటది" అన్నాడు. ముగ్గురికీ మంచి మార్కులు వేశాను.

తర్వాత రెండు వారాలు గడిచాయో లేదో, ఒక పొద్దున గడ్డం గీసుకుంటుండగా సారపాక పిల్లాడు ఫోను చేశాడు.

"సార్, మన పెట్టె పెట్టిన చేను కాడ... కరెంటు తాకి ఒకామె సచ్చిపోయిందంట."

"కరెంటా? మన దాంట్లో కరెంటెక్కడిది? ఎవరామె?"

"మనామె వాళ్ల అమ్మ సార్" అన్నాడు.

సగం గడ్డంతోనే బండి తీశాను. నేను పోయేసరికి ఎండ పైకొచ్చింది. పోలీసులు ఇంకా రాలేదు. శవాన్ని ఎవరూ కదపలేదు. ఆమె బోర్లా పడి ఉంది. తీగ కుడి కాలి పిక్కను కోసుకుని లోపలికి దిగింది, చుట్టూ చర్మం నల్లగా ముడుచుకుపోయింది. వదిలించుకోవడానికి చేత్తో పట్టుకున్నట్టుంది, ఆ చేయి తీగ మీదే బిగుసుకుపోయింది. వేళ్లు కాలిపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. కాలిన మాంసం వాసన, పక్కన బోర్లా పడిన బుట్టలోంచి ఇప్పపువ్వు వాసన, రెండూ కలిసి ముక్కులో దూరాయి. ఇప్పటికీ ఆ రోజుల్లో ఆ చెట్ల కిందకు పోలేను.

అమ్మాయి తల్లి తల దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తల్లి జుట్టులోంచి గడ్డి పరకలు తీస్తోంది.

పది అడుగుల అవతల రైతును కొడుతున్నారు. కొడుతున్నది చనిపోయినామె తమ్ముడు. గట్టు మీది కర్ర ఒకటి పీకి, ట్యూబు ముక్క చుట్టిన వైపుతో మొహం మీద కొడుతున్నాడు. రైతు పెదవి చీలి వేలాడుతోంది. చెవిలోంచి రక్తం భుజం మీదికి కారుతోంది. ఇద్దరు అతని చేతులు విరిచి పట్టుకున్నారు. ఆడవాళ్లు చెప్పులతో, మట్టిపెళ్లలతో కొడుతున్నారు. దెబ్బ పడ్డప్పుడల్లా అతను ఒకటే మాట అంటున్నాడు.

"మనిషని తెలిస్తె ఉరికేటోన్ని! ఫోన్ల పంది అన్నది! పందే అనుకున్న!"

ఆ తన్నుల మధ్యనే సంగతంతా బయటికొచ్చింది. కరెంటు పెట్టడం అతను ఏనాడూ మానలేదు. మేమిచ్చిన దారాన్ని తీసుకెళ్లి ఆ తీగకే ముడివేశాడు. పంది తీగకు తగిలి పడితే ఫోను రావాలి. ఇంకొకడు వచ్చి ఎత్తుకుపోకముందే, ఫారెస్టువాళ్లు చూడకముందే తను పోయి కోసుకోవాలి. నాకొక్కనికే తెల్వాలె అన్నది అందుకు. ఆ రోజు తెల్లవారుజామున ఫోను మోగింది. నా గొంతు పంది పడిందంది. అతను మొహం కడుక్కున్నాడు. దాయాదులను ఇద్దరిని లేపాడు. గొడ్డలి, కత్తులు, గోనెసంచి తీసుకుని ముగ్గురూ బయల్దేరారు. చేను దగ్గరికొచ్చేసరికి చీకట్లో మూలుగు వినపడింది.

"మూలుగుతుంటె ఇంక సావలేదనుకున్నం" అన్నాడు, నోట్లోంచి రక్తం ఉమ్మి. "దెబ్బ తిన్న పంది మీదికొస్తది. నా కుక్కను సంపలేదా! సప్పుడు ఆగెదాక ఆగినం. ఆగినంకనే పొయినం."

తమ్ముడి చేతిలో కర్ర ఒక్క క్షణం ఆగింది. ఆ మాట అందరికీ అర్థమైంది. ఆమె బతికే ఉంది. కేక వేసే దూరంలో ముగ్గురు మగవాళ్లు కత్తులు పట్టుకుని, ఆమె ఎప్పుడు నిశ్శబ్దమవుతుందా అని నిలబడ్డారు. తర్వాత పడ్డ దెబ్బకు రైతు ముందుపళ్లు రాలి గట్టు మీద పడ్డాయి.

అప్పుడు జరిగింది మరొకటి. ఎవరో కొంగు కప్పుదామని వంగి, ఆమె కాలిని తీగలోంచి తప్పించబోయారు. కరెంటు తీసేసి చాలాసేపయింది. కానీ మా పెట్టె బ్యాటరీది. తీగ కదిలి దారాన్ని లాగింది. రైతు ఫోను ఊరి పెద్దమనిషి చేతిలో ఉంది, మోగింది. ఆయన కంగారుగా ఏదో నొక్కాడు. ఆ గుంపు మధ్యలో, ఆ శవం మీద, నా గొంతు గట్టిగా అరిచింది.

"పంది పడింది! పంది పడింది! జల్దీ రా!"

తమ్ముడు కర్రతో సహా ఇటు తిరిగాడు. "ఎవని గొంతురా అది? ఎవడ్రా మా అక్కను పంది అన్నోడు?"

నాకంటే ముందే వచ్చి ఉన్న మా జట్టు అబ్బాయిలిద్దరూ నేల చూశారు. అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. ఒక్క మాట చాలు, ఆమె వేలెత్తితే చాలు, ఆ కర్ర నా తల మీద పడేది. అనలేదు. మళ్లీ తల్లి జుట్టులో గడ్డి ఏరడం మొదలుపెట్టింది. నేను జనం వెనక్కి జరిగాను. ఇంకా వెనక్కి జరిగాను. బండి దగ్గరికొచ్చాను. రైతు తింటున్న దెబ్బలు నాక్కూడా తగలాల్సినవని తెలుసు. తెలిసే కిక్కు కొట్టాను. క్లాసులో పులిని, అక్కడ పిల్లినయ్యాను.

పోలీసులు రైతును తీసుకుపోయారు. పెట్టె మీద కాలేజీ పేరు ఉంది కాబట్టి ప్రాజెక్టు ఫైలు పంపమని కబురొచ్చింది. ప్రిన్సిపాలు నన్ను పిలిచాడు. ఆయనది సత్తుపల్లి వైపు, నెమ్మదస్తుడు, ఎవర్నీ ఏకవచనంతో పిలిచి ఎరగడు. ఫైలు తిరగేసి మూడో పేజీ దగ్గర ఆగాడు. ఎర్ర సిరా, "పరిధిలో లేదు", కింద నా సంతకం.

"ఈ పేజీ ఎందుకండీ ఇందులో?" అన్నాడు.

నేను ఫైలు నా వైపు లాక్కున్నాను.

"ఆ అమ్మాయి ముందే అడిగిందని, మీరు కాదన్నారని చదివితే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. మీకూ పిల్లలున్నారు. నేను టీ తాగొస్తాను."

ఆయన బయటికి పోయాడు. నేనా పేజీ బయటికి లాగాను. అడ్డంగా చింపాను. ముక్కల మీద ముక్కలు పెట్టి మళ్లీ చింపాను. ఆ అమ్మాయి ప్రశ్న ఎక్కడా మిగలకుండా, ఒక్కొక్క అక్షరం విడిపోయేదాకా చింపి, మరుగుదొడ్లో వేసి నీళ్లు పోశాను. కొత్త మూడో పేజీ కంప్యూటర్లో కొట్టించి ఫైల్లో పెట్టాను. అందులో ప్రశ్న లేదు. "పంది చేలో పడగానే రైతుకు తెలియాలి" అని మాత్రం ఉంది. ఫైలు ఠాణాకు పోయింది. ఆ తర్వాత కొన్ని రోజులు నేను క్లాసులో ఎవరి మీదా అరవలేదు. పిల్లలకు అదే ఎక్కువ భయమేసినట్టుంది.

రెండు వారాలకు అమ్మాయి కాలేజీకి వచ్చింది. మధ్యాహ్నం, స్టాఫు రూములో నేనొక్కణ్ణే ఉన్నాను. తల్లిని గురించి ఏదో అనబోయాను. ఆమె విననట్టే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి జిరాక్సు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. మూడో పేజీ పైన ఉంది. జిరాక్సులో నా ఎర్ర సిరా నల్లగా పడింది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"మీరే చెప్పిన్రు గద సార్, పాత కాపీ దాయాలని. మీరు దిద్దిన్నాడే జిరాక్సు తీపిచ్చిన."

"పోలీసులకు ఇచ్చావా?"

"లే సార్. ఠాణాల ఫైలు సూపిచ్చిన్రు. అండ్ల ఈ పేజీ లేదు. నేనిస్తే దొంగ కాయితం అంటరు. మీ చేతుల్తోని మీరే ఇయ్యాలె."

నాకు కోపమొచ్చింది. నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా ముందు కోపమే వచ్చింది. పాత అలవాటుగా చేయి ఆ కాగితం మీదికి పోయింది. ఆమె కదల్లేదు. ఆ రోజులాగా ఫైలు మీద చేతులు కూడా పెట్టలేదు. "సింపుతరా సార్?" అని అడిగింది. "సింపుకోన్రి. ఇంకో రెండున్నయ్."

చేయి వెనక్కి తీసుకున్నాను.

ఆమె చివరి కాగితం తిప్పింది. మార్పుల పట్టిక. మొదటి గడులు తన చేతిరాతతో నింపింది. ఏం మార్చారు: మూడో పేజీ తీసేశారు. ఎవరు మార్చారు: సార్. కారణం దగ్గర ఖాళీ ఉంచింది.

"ఇది నాకు తెల్వదు సార్. మీరు రాయాలె."

పెన్ను తీశాను. ఎంతో సేపటికి "భయపడి" అని రాశాను. ఆమె కాగితం తన వైపు తిప్పుకుని చదివింది. తర్వాత నా వైపు తిప్పింది.

"ఒక్క మాట సాలదు సార్. ఎవలు సదివినా తెలిసేటట్టు రాయాలె అన్నరు. దేనికి భయపడ్డరు? ఎప్పుడు?"

ఆమె గొంతులో వెటకారం లేదు. అదే నన్ను చంపింది. నేను నేర్పిన పాఠం నా ముందు అంత శ్రద్ధగా ఎవరూ అప్పజెప్పలేదు. తల దించుకుని ఆ చిన్న గడిలో పట్టక, కాగితం వెనక వైపు రాశాను. "మనిషి పడితే ఏమిటని మా విద్యార్థిని ముందే అడిగింది. తన తల్లి ఆ దారిన నడుస్తుందని చెప్పింది. నేను నవ్వి కొట్టేశాను. రైతు అనని ‘చేలో’ అన్న మాట నేను చేర్చాను. పెట్టెలో గొంతు నాది. ఆ తల్లి చనిపోయాక, ఉద్యోగం పోతుందని, కేసవుతుందని భయపడి ఈ పేజీని నేనే చింపాను." కింద ఈసారి పూర్తి సంతకం పెట్టాను.

ఆమె ఒక్కొక్క వాక్యం వేలు పెట్టి చదివింది. రెండో వాక్యం దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ఒక్క చుక్క కాగితం మీద పడితే చున్నీ అంచుతో అద్దింది, సిరా చెదరకుండా. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, పట్టిక కింద "సరిచూసినవారు" అన్న చోట తన సంతకం పెట్టింది.

"పోదామా సార్" అంది.

ఠాణా బస్టాండు పక్కనే. ఎండలో ఇద్దరం నడిచే పోయాం. కాగితం ఆమె నా చేతికే ఇచ్చింది.